ఆ ఒకటి ఎక్కడ దాచారు?

పోయినవాటి లెక్క ముందు చెబుతాను. మాస్కోలో ఒక ఉద్యోగం. ఐదో అంతస్తులో రెండు గదుల ఇల్లు, ఆ ఇంటి కిటికీలో డబ్బాల్లో పెంచిన పచ్చిమిరప మొక్కలు రెండు. ఒక కాపురం. ఒక కూతురి పుట్టినరోజులు, ఐదోది మొదలు ఇరవయ్యోది దాకా, పదహారు. ఆ పిల్ల తండ్రితో మాట్లాడే నాలుగు తెలుగు మాటలు. అవి నిజంగా నాలుగే: నాన్న, నీళ్లు, ఇటురా, చాలు. ఒక మనిషి మంచిపేరు. దీన్ని ఒకటిగా వెయ్యాలో, ఎంతమంది ఆయన్ని నమ్మడం మానేశారో అన్నిగా వెయ్యాలో తెలియక ఒకటే వేస్తున్నాను. ఆ రోజుల్లోనే ఒక పెద్ద దేశం కూడా పోయింది, పదిహేను దేశాలైంది. దాన్ని నేను ఈ లెక్కలో చేర్చను. అది పోవడంలో నా చెయ్యి లేదు.

మిగిలినవి పోవడంలో ఉంది. వాటిని పోగొట్టుకున్న మనిషి తెలుగువాడు, కెనడాలో, మిస్సిసాగా అనే ఊళ్లో నాతో పాటు ఒకే వేర్‌హౌస్‌లో పనిచేసినవాడు. ఆయన నష్టంలో నా వాటా ఎంత అన్నది తేల్చుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది.

నేను పదో తరగతితో చదువు ఆపేసినదాన్ని. లెక్కలు నాకు బడిలో రాలేదు, కళ్లంలో వచ్చాయి. మా నాన్న కృష్ణా డెల్టాలో ఒక రైస్ మిల్లు తరఫున ధాన్యం కొలిచేవాడు. కాటాలు వచ్చేసిన రోజులే అయినా మా వైపు కౌలు రైతులు కుంచంతో కొలిస్తేనే నమ్మేవారు. కుంచం నింపి, పైన చేత్తో చదును చేసి, గోనెలోకి ఒంపుతూ నాన్న పైకి లెక్కపెట్టేవాడు. మొదటి కుంచాన్ని ఒకటి అనడు, ‘లాభం’ అంటాడు. తర్వాత రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు. ఏడు మాత్రం అనడు. ఏడు అంటే ఏడవమన్నట్టు ఉంటుందని, ధాన్యం ముందు ఆ మాట నోట రాకూడదని ‘ఆరున్నొకటి’ అనేవాడు. ఆ పైన ఎనిమిది. అలవాటు ఎంత ముదిరిందంటే ఇంట్లో కూడా ‘వచ్చే ఏడు’ అనకుండా ‘వచ్చే సంవత్సరం’ అనేవాడు.

దీని మీద కళ్లంలో ఒక వేళాకోళం నడిచేది. నాన్న ‘ఆరున్నొకటి’ అనగానే రైతుల్లో ఎవరో ఒకరు, “ఆ ఒకటి ఎక్కడ దాచావయ్యా?” అని అడిగేవారు. ఆరు కొలిచి ఏడు చెబుతున్నావా అని. నాన్న తల ఎత్తకుండా, “నీ తలపాగాలో ఉంది, విప్పి చూసుకో” అనేవాడు. రోజుకు పదిసార్లు అదే మాట, పదిసార్లూ అందరూ నవ్వేవారు. పక్కన కూర్చుని పలక మీద గీతలు పెట్టే నేను కూడా నవ్వేదాన్ని.

మిల్లు గుమాస్తా కమ్యూనిస్టు పార్టీ మనిషి. ఆయన గదిలో రేడియో ఉండేది. సాయంత్రాలు అందులో మాస్కో నుంచి తెలుగు వార్తలు వచ్చేవి. గురగురల మధ్య ఒక మగ గొంతు, తొందర లేకుండా, ప్రతి మాటా విడదీసి చదివేది. రెండు అగ్రరాజ్యాలు ఒప్పందం మీద సంతకాలు చేసి ఒక రకం క్షిపణులను పూర్తిగా లేకుండా చేసుకుంటున్న రోజులవి. గుమాస్తాకు అందులో శాంతి వినబడేది. నాకు మాత్రం కొలత వినబడేది. ఎవరి సరుకు వాళ్లే కొలుచుకుంటే ఎదుటివాళ్లు నమ్మరు కాబట్టి ఎదుటి దేశం మనుషులను పిలిపించి, పక్కన నిలబెట్టుకుని, వాళ్ల కళ్ల ముందు ఒక్కొక్కటీ లెక్కపెట్టి పగలగొట్టడం. మా కళ్లంలో జరిగేది అదే కదా అనుకున్నాను. ఒక నోట్‌బుక్ పెట్టి, రేడియోలో చెప్పిన అంకెలన్నీ రాసుకునేదాన్ని. ఎవరూ రాయమనలేదు.

1989 శీతాకాలం మొదట్లో ఒక సాయంత్రం ఆ గొంతు, ఫలానా స్థావరంలో ఈ రోజు ‘ఆరున్నొక్క క్షిపణులను’ ధ్వంసం చేశారని చదివింది. చదివాక అర క్షణం ఆగింది, తర్వాత వార్తలోకి వెళ్లిపోయింది. గుమాస్తా తొడ చరుచుకుని నవ్వాడు. మాస్కోలో కూడా ఒక కొలిచేవాడు ఉన్నాడురా అన్నాడు. నాకు పట్టలేని సంతోషం కలిగింది. అంత దూరాన, అంత పెద్ద మాటల మధ్య, మా నాన్న మాట.

మర్నాడే విదేశాలకు రాసే ఏరోగ్రామ్ కాగితం కొని ఉత్తరం రాశాను. నాకు పదిహేనేళ్లు. శ్రోతల ఉత్తరాలకు వాళ్లు బ్యాడ్జీలు పంపేవారు, ఆ ఆశ కూడా ఉంది. మీ వార్తలు బాగుంటాయి అని రాసి, చివర ఇలా రాశాను: ‘నిన్న మీరు ఆరున్నొకటి అన్నారు. ఆ ఒకటి ఎక్కడ దాచారు?’ పక్కన ఒక నవ్వు ముఖం గీద్దామనుకున్నాను. పెద్దవాళ్లకు రాసే ఉత్తరం కదా, మర్యాదగా ఉండదని గీయలేదు.

మూడు నెలలకు కవరులో బ్యాడ్జీ వచ్చింది. దాన్ని లంగా వోణీ మీద పెట్టుకుని తిరిగాను. తర్వాత ఆ దేశమే లేకుండా పోయింది, నాన్న పోయాడు, కుంచాలు పోయాయి. పెళ్లయింది, హైదరాబాద్ వచ్చాం, అక్కడి నుంచి మా వారి ఉద్యోగం మీద కెనడా వచ్చాం. ఆ ఉత్తరం నాకు గుర్తు కూడా లేదు.

మిస్సిసాగాలో ఎయిర్‌పోర్ట్ దగ్గర ఒక మందుల వేర్‌హౌస్‌లో నాకు ఇన్వెంటరీ కౌంట్ పని దొరికింది. డిగ్రీ అడగలేదు, ఒక పరీక్ష పెట్టారు. తప్పు పోకుండా లెక్కపెట్టడమే పరీక్ష. అక్కడి పద్ధతి ఏమిటంటే ఖరీదైన మందులను ఇద్దరు విడివిడిగా లెక్కపెడతారు. కంప్యూటర్‌లో ఎన్ని ఉండాలో ఇద్దరికీ చూపించరు. ఇద్దరి అంకె ఒకటైతేనే ఆ అర మూస్తారు, తేడా వస్తే మళ్లీ మొదటి నుంచి. దాన్ని బ్లైండ్ కౌంట్ అంటారు. మొదటి వారంలో నా జోడీగా ఒక పెద్దాయన్ని వేశారు. అరవై దాటిన మనిషి, సన్నగా, చెవుల మీదికి ఊలు టోపీ. పేరు చూసి తెలుగువారని తెలిసింది కానీ మొదటి రెండు రోజులు హలో తప్ప మాటల్లేవు.

మూడో రోజు నేను అరలో పెట్టెలు లెక్కపెడుతున్నాను. లెక్కపెట్టేటప్పుడు నా పెదవులు కదులుతాయి, నాన్న లాగే ఆరున్నొకటి అని గొణుగుతాను, అది నాకు తెలియదు. ఆయన పక్క వరసలోంచి వచ్చి నిలబడ్డారు.

“ఎక్కడ నేర్చుకున్నవమ్మా ఆ లెక్క?”

“మా నాన్న దగ్గర అంకుల్.”

“కొలిచేవాడా?”

“అవునండీ. మీకెలా తెలుసు?”

“ఏడుకి అంత భయపడేటోళ్లు ఇంకెవరుంటరు,” అన్నారు. ముఖం నవ్వుతోంది. ఆ గొంతు ఎక్కడో విన్నానని అప్పుడు నాకు తోచలేదు.

ఆ రోజు లంచ్‌రూమ్‌లో మైక్రోవేవ్ పక్క బల్ల దగ్గర ఆయన తన సంగతి చెప్పారు. ఖమ్మం వైపు ఊరు. ఎనభైల మొదట్లో అనువాదకుడిగా మాస్కో వెళ్లారు. అక్కడి రేడియోలో వార్తలు తెలుగులోకి తిప్పడం, చదవడం. అక్కడి ఆవిడనే పెళ్లి చేసుకున్నారు, ఒక పాప. ఒప్పందం రోజులు వచ్చాక పని పెరిగిందట. ప్రతి మాటకూ తూకం ఉండేదట. ఆ క్షిపణుల విషయంలో తగ్గింపు అని రాస్తే తప్పు, నిర్మూలన అనాలి. వచ్చే అమెరికా మనుషులను పర్యవేక్షకులు అనకూడదు, తనిఖీదారులు అనాలి, ఎందుకంటే పర్యవేక్షకుడు అంటే పైవాడు అనిపిస్తుంది. 1989 చివరికి తూర్పు యూరప్‌లో ఒక్కో ప్రభుత్వం కూలిపోతుంటే, ఆ దేశాల పేర్ల ముందు ‘సోదర’ అన్న మాట ఒక్కో వారం ఒక్కో దేశానికి కొట్టేసుకుంటూ వచ్చారట. చెప్పి నవ్వారు. “సోదరులు అట్ల తగ్గిపోయిన్రు.”

అలాంటి రోజుల్లో ఒకనాడు పాపకు జ్వరం. నాలుగేళ్లు కూడా నిండలేదు. పొద్దున ఆసుపత్రిలో చేర్చి డ్యూటీకి వచ్చారు. తను టైపు చేసుకున్న కాగితంలో ‘ఏడు’ అనే ఉంది. మైకు ముందు కూర్చుని ఆ మాట దగ్గరికి వచ్చేసరికి నోరు రాలేదట. పిల్ల ఆసుపత్రిలో ఉండగా ఏడు అనడమా అని. చిన్నప్పుడు వాళ్ల నాయనమ్మ మిరపకాయలు కొలిచేటప్పుడు చెప్పే మాట దానంతట అదే వచ్చేసింది.

“వార్త అయిపోయింది. ఎవరూ పట్టించుకోలే. పాపకి జ్వరం తగ్గింది. అంతా మరిచిపోయినం. నెలన్నర తర్వాత ఒక ఉత్తరం వచ్చింది.”

కృష్ణా జిల్లా నుంచి ఎవరో ఆడపిల్ల రాసిందని చెప్పారు. శ్రోతల ఉత్తరాలన్నీ రష్యన్‌లోకి తిప్పి పై విభాగానికి పంపేవారట. ఆ ఉత్తరంలో చివరి వాక్యం రష్యన్‌లో చదివితే వేళాకోళంగా లేదు. అవతలి పక్షం, కొన్ని క్షిపణులు లెక్కలోకి రాకుండా ఎక్కడో ఉండిపోయాయని గొణుగుతున్న రోజులు. సరిగ్గా అప్పుడు ఒక పరాయి దేశపు మనిషి, మీ రేడియో ఆరు అని, ఇంకొకటి అని విడిగా చెప్పింది, ఆ ఒకటి ఎక్కడ దాచారు అని అడుగుతోంది.

ఆయన ఆ వాక్యాన్ని రష్యన్‌లో చెప్పారు, తర్వాత తెలుగులో చెప్పారు. నేను రాసినట్టే, ఒక్క అక్షరం తేడా లేకుండా. నేను టిఫిన్ డబ్బా మూత పెట్టేశాను. అన్నం చల్లారిపోతుందమ్మా, తిను అన్నారు. ఆకలి లేదన్నాను.

ముగ్గురు మనుషులు ఆయన్ని ఒక గదిలోకి పిలిచారట. మర్యాదగానే మాట్లాడారు, టీ ఇచ్చారు. ఆ అమ్మాయి ఎవరు, మీ మధ్య ఏర్పాటేమిటి అని అడిగారు. అది మా వైపు ఏడుని అనే తీరు అని ఆయన ఎంత చెప్పినా సాక్ష్యం కావాలన్నారు. అక్కడ పనిచేసే ఇంకో ఇద్దరు తెలుగువాళ్లను పిలిచి అడిగితే, ఒకాయన పట్నంలో పెరిగినవాడు, ఎన్నడూ వినలేదన్నాడు. రెండో ఆయన విన్నవాడే, అయినా వినలేదన్నాడు. అతని మీద కోపం లేదన్నారు. వాళ్లకీ పిల్లలున్నారు కదా అన్నారు. నేరం ఏమీ రాయలేదు. కాంట్రాక్ట్ పొడిగించలేదు, అంతే. మూడు వారాల్లో దేశం వదలాలి. 1990 మార్చి ఆఖరున బయల్దేరారు. అత్తగారికి బాగోలేదు కాబట్టి భార్య, పాప ఆరు నెలల్లో వస్తారనుకున్నారు. ఆ ఆరు నెలలు ఏడాది అయ్యాయి, ఏడాదిన్నర అయ్యాయి, ఆ తర్వాత వాళ్లకు పాస్‌పోర్ట్ ఇచ్చిన దేశమే లేదు. హైదరాబాద్‌లో రష్యన్ నేర్పుతానంటే నేర్చుకునేవాళ్లు లేరు. భార్య వేరే పెళ్లి చేసుకున్నానని రాసింది. కెనడా పాస్‌పోర్ట్ ఉంటే తిరగడం తేలికని ఇక్కడికి వచ్చారు. అది చేతికి వచ్చిన ఏడాదే మాస్కో వెళ్లి కూతుర్ని చూశారు. ఇరవై ఏళ్ల పిల్ల. ఒక కాఫీ కొట్లో గంటసేపు కూర్చుంది.

“ఒక్కటే అడిగింది. వార్తల్లో రహస్యం మాట పెట్టి ఎవరికో పంపినవంట, మమ్మల్ని పణం పెట్టినవంట, నిజమా అని. వాళ్లమ్మ అట్ల చెప్పింది. నేను కాదంటే ఎట్ల నమ్ముతది?”

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి మా వారితో చెప్పాను. నన్ను ఆయన ‘కాటా’ అని పిలుస్తారు, ఏదైనా తూచకుండా వదలనని. ఆ రోజు వెక్కిరించలేదు.

“ఆయనకి చెప్పకు,” అన్నారు. “ఇప్పుడు చెబితే నీ బరువు దిగుతుంది. ఆయన మీద ఎక్కుతుంది.”

ఆ మాట నాకు అనుకూలంగా ఉంది కాబట్టి పట్టుకున్నాను. మూడేళ్లకు పైగా పట్టుకున్నాను. ఆయన డ్రైవ్ చేయరు. శీతాకాలంలో బస్సు కోసం నిలబడలేరని షిఫ్ట్ అయ్యాక నేనే డిక్సీ రోడ్ మీదుగా ఆయన అద్దెకుండే బేస్‌మెంట్ దాకా దింపేదాన్ని. ఇంటికి రాగానే మా వారు, “మాస్కో వెళ్లొచ్చావా?” అనేవారు. కారులో ఆయన పక్కన కూర్చున్న ప్రతిసారీ ఈ రోజు చెబుదాం అనుకునేదాన్ని. సిగ్నల్ దాటాక, మంచు తగ్గాక, ఆయన సీటు బెల్టు విప్పేలోపు. ఆయన దిగి, తలుపు మెల్లగా వేసి, కిటికీ మీద రెండుసార్లు తట్టి వెళ్లిపోయేవారు. పనిలో మాత్రం మా ఇద్దరి అంకెలకు ఎప్పుడూ తేడా వచ్చేది కాదు. “ఇదీ ఒప్పందం కౌంటేనమ్మా,” అనేవారు. “నమ్మకం లేనోళ్లు చేసుకునే కౌంట్. నమ్మకం ఉంటే ఒక్కరు చాలు.”

2019 వేసవిలో ఒకరోజు 401 హైవే మీద ట్రాఫిక్‌లో ఆగిపోయి ఉన్నాం. రేడియోలో ఆ ఒప్పందం ముగిసిపోయిందన్న వార్త వచ్చింది. నువ్వు ముందు తప్పావంటే నువ్వు ముందు తప్పావని రెండు దేశాలూ బయటికి వచ్చేశాయి. ఆయన చెయ్యి చాపి రేడియో ఆపేశారు.

“దాని కోసం నా ఇల్లు పోయిందమ్మా. పోనీ అది ఉన్నదిలే, ఎక్కడో పనికొస్తున్నదిలే అనుకున్న. ఇప్పుడు అదీ లేదు.”

ఆ తర్వాత నన్ను ఒకటి అడిగారు. డబ్బు కాదు, పెద్ద సాయం కూడా కాదు. మా వైపు ఏడుని ఆరున్నొకటి అంటారని, అందులో రహస్యం ఏమీ లేదని ఇంగ్లిష్‌లో రాసి సంతకం పెట్టివ్వాలి. కూతురికి పంపుతారు. “ముప్పై ఏళ్ల కిందట ఆ గదిలో నాకు సాక్షి లేకపాయె. ఇప్పుడు నువ్వు దొరికినవు.”

రాశాను. రెండు పేజీలు రాశాను. మా నాన్న కుంచం, లాభం, కళ్లంలో నవ్వులు, ఆ వేళాకోళం కూడా రాశాను. ఆ ఉత్తరం రాసిన పిల్ల బహుశా నవ్వులాటకే రాసి ఉంటుందని రాశాను. బహుశా అని. నా చేత్తో నేను ఆ మాట రాశాను. కింద నా పేరు, ఊరు, ఆయనతో పనిచేసే ఉద్యోగి అని. ఆయన రెండుసార్లు చదువుకుని మడిచి లోపలి జేబులో పెట్టుకున్నారు.

కూతురి జవాబు ఐదు నెలలకు వచ్చింది. ఆయన ఫోన్‌లో చూపించారు. మర్యాదగా ఉంది. ఉత్తరం అందిందని, మీ స్నేహితురాలు దయగల మనిషిలా ఉందని, కానీ స్నేహితులు ఏదైనా రాసిపెడతారని. నిజంగా ఆ ఉత్తరం రాసిన మనిషి చెబితే వేరే సంగతి అని కూడా ఉంది. ఆయన ఆ వాక్యాన్ని నాకు చదివి వినిపించి, “ఆ పిల్ల ఎక్కడున్నదో. ఉంటే నీ వయసు ఉంటది,” అన్నారు.

అప్పుడు చెప్పి ఉండవచ్చు. చెబితే ఆయనకు కావలసిన సాక్ష్యం నా నోట్లోనే ఉంది. కానీ బహుశా అని రాసిన రెండు పేజీలు మధ్యలో వచ్చాయి. ముందు చెప్పకపోవడం ఒక తప్పు, ఇప్పుడు అబద్ధం రెండోది. ఆ రెంటినీ ఎలా విప్పాలో నాకు తెలియలేదు. తర్వాత కోవిడ్ వచ్చింది. ఆయన ఉద్యోగం మానేశారు. నేను సరుకులు గుమ్మంలో పెట్టి కిటికీలోంచి చెయ్యి ఊపి వచ్చేదాన్ని. ఉక్రెయిన్ మీద యుద్ధం మొదలయ్యాక కూతురు మాస్కో వదిలి పక్క దేశం జార్జియా వెళ్లిపోయిందని ఒకసారి ఫోన్‌లో చెప్పారు. పిల్ల కూడా దేశం వదిలిందమ్మా, నా లాగే, అన్నారు. వచ్చే ఆదివారం వస్తాను అంకుల్, ఒక సంగతి చెప్పాలి అన్నాను. ఏ సంగతమ్మా అన్నారు. వచ్చాక చెబుతానన్నాను. ఆ ఆదివారం మంచు తుఫాను. తర్వాత ఆదివారం వెళ్లలేదు, దానికి కారణం ఏదీ లేదు.

ఫిబ్రవరిలో ఆయన ఇంటి ఓనర్ ఫోన్ చేశాడు. స్ట్రోక్ వచ్చింది, ఆసుపత్రిలో ఉన్నారు. అత్యవసరానికి పిలవాల్సిన మనిషి అని నా నంబర్ రాసి పెట్టుకున్నారట. వెళ్లేసరికి ఆయన దిండ్ల మీద కూర్చుని ఉన్నారు, కుడి చెయ్యి కదలడం లేదు, కళ్లు మాత్రం స్పష్టంగా ఉన్నాయి. అంకుల్ అంటే నన్ను గుర్తుపట్టి మాట్లాడారు. రష్యన్‌లో. తెలుగు రాలేదు, ఇంగ్లిష్ రాలేదు. రెండు మూడు భాషలు తెలిసినవాళ్లకు ఒక్కోసారి ఇలా అవుతుందని, ఒకటి మిగిలి మిగతావి పోతాయని, వింటే అర్థమవుతుందో లేదో చెప్పలేమని డాక్టర్ చెప్పింది.

నేను మంచం పక్క కుర్చీ దగ్గరికి లాక్కున్నాను.

“అంకుల్, ఆ ఉత్తరం రాసింది నేనే. నవ్వులాటకి రాశాను.”

ఆయన నన్నే చూశారు. కనురెప్ప కూడా వేయలేదు. తర్వాత ఏదో అన్నారు, ఐదారు మాటలు, మెల్లగా, విడదీసి. మళ్లీ చెప్పమన్నాను. మళ్లీ చెప్పారు, కానీ ఈసారి మాటలు వేరుగా ఉన్నట్టు అనిపించింది. గుర్తుపెట్టుకుని ఎవరినైనా అడుగుదామంటే బయటికి వచ్చేసరికి ఒక్క శబ్దం కూడా నాకు మిగల్లేదు. అంకెలు ఎన్నైనా పట్టుకోగలను, ఆ ఐదారు మాటలు పట్టుకోలేకపోయాను. అది క్షమించడమో, తిట్టడమో, మంచినీళ్లు అడగడమో నాకు తెలియదు. ఏదో ఒకటని అనుకుని ఊరట పొందే హక్కు నాకు లేదు కాబట్టి ఏదీ అనుకోలేదు. తొమ్మిది రోజులకు ఆయన పోయారు.

ఆయన ఫోన్‌లో ఉన్న కూతురి ఈమెయిల్ అడ్రస్‌కు అన్నీ రాశాను. ఈసారి బహుశా లేదు. ఆ ఉత్తరం రాసిన పిల్ల నేనేనని, ఆ మాటలో రహస్యం లేదని, ఆ రోజు మైకు ముందు ఆయన ఏడు అనలేకపోవడానికి కారణం ఆసుపత్రిలో ఉన్న నువ్వేనని, నాకు ఇది తెలిసి కూడా ఇన్నేళ్లు మీ నాన్నకు చెప్పలేదని. క్షమించమని అడగలేదు, అది ఆమె మీద ఇంకో పని పెట్టడమే అవుతుందనిపించింది.

నాలుగు రోజులకు జవాబు వచ్చింది. ఆ జ్వరం తనకు గుర్తు లేదట. తండ్రి మీద చెప్పినవి నిజం కావని ఇప్పుడు నమ్ముతున్నానని రాసింది. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. చివర ఒక ప్రశ్న ఉంది: ‘మీ ఉత్తరం లేకపోతే ఆయన మాతో ఇంకెంత కాలం ఉండేవారు?’

మా వారు అది చదివి ఫోన్ బల్ల మీద పెట్టారు. తర్వాత, “సున్నా అని రాయి,” అన్నారు. “దేశానికి దేశమే కూలిపోతుంటే నీ ఏరోగ్రామ్ ఎంత? ఈ సాకు లేకపోతే ఇంకో సాకు చూపించేవాళ్లు.”

“సున్నా అయితే ఆ ముగ్గురూ ఆ గదిలోకి ఎందుకు పిలిచారు?”

“అయితే పదహారేళ్లూ నీవేనని రాసుకో.”

“అవీ కావు.”

“మరి కూర్చుని తూచుకో, కాటా,” అని వంటింట్లోకి వెళ్లి టీ పెట్టారు.

కూర్చున్నాను. ఆదివారం మధ్యాహ్నం, డైనింగ్ టేబుల్ మీద ఒక తెల్ల కాగితం. ఆయన వెళ్లిపోయింది 1990 మార్చి ఆఖరు. అక్కడిదాకా అనుమానం లేదు. నా ఉత్తరం లేకపోతే ఎప్పటిదాకా ఉండేవారన్నదే తేల్చాలి. 1991 ఆగస్టులో మాస్కో వీధుల్లోకి ట్యాంకులు వచ్చాయి. అప్పుడు చాలామంది విదేశీయులు భయపడ్డారు, కానీ భయపడి కాపురం వదిలే మనిషి కాదాయన. కాబట్టి అది కొట్టేశాను. ఆ డిసెంబర్ ఆఖరుకు దేశం లేదు, జెండా దించారు. తనతో పనిచేసిన మనవాళ్లందరికీ ఆ కొత్త సంవత్సరంతోనే కాంట్రాక్టులు ఆగిపోయాయని, ఉండడానికి కాగితం లేక వచ్చేశారని ఆయనే ఒకసారి కారులో చెప్పారు. ఆ పైన పోయినవి ఎవరు పెట్టిన ఖర్చో నాకు తెలియదు. రెండు అగ్రరాజ్యాలు, వాళ్ల క్షిపణులు, వాళ్ల సంతకాలు, ఎవరి వాటా వాళ్లది. వాళ్లెవరూ ఇలా కాగితం పెట్టుకుని కూర్చుని ఉండరు. అంతకు ముందున్నదాంట్లో మాత్రం ఇంకెవరి పేరూ రాయడానికి నాకు దారి దొరకలేదు.

పాప నాలుగేళ్ల రెండు నెలల వయసు నుంచి ఐదేళ్ల పదకొండు నెలల దాకా. ఆ వయసులో పిల్లలు ఏం చేస్తారో నాకు తెలుసు, నాకూ ఉన్నారు. చెప్పులు తమంతట తాము వేసుకుంటారు. అక్షరాలు కలిపి చదవడం మొదలుపెడతారు. మొదటి పన్ను ఊడితే ఎవరికో ఒకరికి చూపించాలని పరుగెత్తుకొస్తారు.

ఆ నెలలను వేళ్ల కణుపుల మీద ఒకసారి, కాగితం మీద ఒకసారి లెక్కపెట్టాను. రెండుసార్లూ ఒకటే వచ్చింది. ఆమెకు ఆ అంకె రాసి, ఎలా వచ్చిందో కింద రాసి పంపాను. ఇది తిరిగి ఇచ్చే దారి ఏదైనా ఉంటే చెప్పమని రాసి, ఆ వాక్యం కొట్టేసి పంపాను. ఆమె మళ్లీ రాయలేదు. రాసి తీరాలని కూడా లేదు. నేను ఇవ్వాల్సింది ఈ రోజుకీ ఒక్క రోజు తగ్గలేదు: ఇరవై ఒక్క నెలలు.